రిబ్బను పిన్ని, ముద్దాయిల పెట్టె

రిబ్బను పిన్ని ఏం ఉద్యోగం చేస్తుందో ఆమె అత్తగారికి ఈనాటికీ సరిగ్గా తెలియదు. అడిగినవాళ్ళకల్లా "మా కోడలు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది" అని చెప్పుకుని మురిసిపోతుంది. పెళ్ళయిన కొత్తలో పిన్ని సరిదిద్దబోయింది.

"రక్తం కాదత్తయ్యా, ముక్కలు. ఆపరేషన్ చేసి తీసిన ముక్కని మైనంలో పొదిగి, పల్చగా కోసి, రంగులేసి, గాజు స్లయిడు మీద పెడతాం. డాక్టరు దాన్ని మైక్రోస్కోపులో చూసి జబ్బేంటో చెబుతాడు."

అత్తగారు అంతా విని, చేతిలోని కంచం పక్కన పెట్టేసింది. "రక్తపరీక్షలనే చెప్పుకుందాంలే అమ్మా" అంది. ఆ పూట ఆవిడ మళ్ళీ కంచం ముట్టుకోలేదు.

అత్తగారినని ఏం లాభం? ఆసుపత్రిలో సగం మందికి కూడా తెలియదు. మెట్లు దిగి, లాండ్రీ గది దాటి, కారిడారు చివరిదాకా పోతే ఉంటుంది ఆ ల్యాబు. కిటికీలోంచి చూస్తే పార్కింగ్‌లో ఆగిన బండ్ల చక్రాలు తప్ప ఇంకేం కనిపించవు. అక్కడ పిన్నిది ఒక కుర్చీ, దాని ముందు కోత యంత్రం. మైనం దిమ్మని యంత్రానికి బిగించి చక్రం తిప్పితే, కత్తి అంచు మీదుగా పొర వెనక పొర అంటుకుని రిబ్బనులా దిగొస్తుంది. వెంట్రుక కూడా దాని పక్కన లావుగానే కనిపిస్తుంది. ఆ రిబ్బనుని గోరువెచ్చటి నీళ్ళ తొట్టెలో వదిలితే ముడతలు విప్పుకుని తేలుతుంది. అప్పుడు స్లయిడుని నీళ్ళలో ముంచి, కిందనుంచి దాన్ని ఎత్తుకోవాలి. మిగతావాళ్ళ రిబ్బన్లు రెండు పొరలకో, మూడు పొరలకో తెగుతాయి. పిన్ని రిబ్బను తెగదు. అందుకే ఆ పేరు. "పిన్ని" అన్నది వరస కాదు, హోదా. తనకంటే పెద్దవాడైన ఆఫీసు గుమాస్తా కూడా పిన్నీ అనే పిలుస్తాడు.

పిన్ని చాలా మంచి మనిషి అని చెప్పాలని నాకూ ఉంది. కానీ నిజం చెప్పుకోవాలి, ఆవిడకి ముక్కు మీదే కోపం, నాలిక చివరే గొప్పలు. తొట్టెలో నీళ్ళ వేడి చూడడానికి ల్యాబులో థర్మామీటరు ఉంది. పిన్ని దాన్ని పెన్నుల గ్లాసులో పడేసింది. నీళ్ళలో ఠక్కున చిటికెన వేలు ముంచి, కళ్ళు సగం మూసి, "ఇంకో రెండు నిమిషాలు ఆగాలి" అంటుంది. తర్వాత అనుమానం కొద్దీ ఎవరైనా థర్మామీటరు పెట్టి చూస్తే వేలు చెప్పిందే సరి. ఇక ఆ రోజంతా ఆ వేలి గురించి వినాలి.

గొప్పల్లో పెద్ద గొప్ప ఇంకొకటుంది. నీళ్ళ తొట్టెలో ఒక్కోసారి పాత ముక్కల నలుసులు మిగిలిపోతాయి. తర్వాత ఎత్తే స్లయిడు మీదికి అవి మెల్లిగా ఎక్కి కూర్చుంటాయి. ల్యాబులో వాటిని చుట్టాలంటారు. పిలవకుండా వచ్చిన చుట్టాలు. వినడానికి నవ్వొస్తుంది గానీ, జబ్బు ఉన్నవాడి ముక్క లేనివాడి స్లయిడు మీదికి చుట్టంగా వెళ్ళిందంటే వాడి కొంప మునిగినట్టే. పిన్నికి ఆ భయం ఒంట్లో ఉంది. అందుకే, ఎప్పుడో కొత్తలో, తనే ఒక రివాజు పెట్టింది. చుట్టం దొరికిన స్లయిడుని పక్కకి తీసి, దానికి మారు స్లయిడు చేస్తారు. చెడిన స్లయిడు ఒక చెక్కపెట్టెలోకి పోతుంది. దాని పేరు ముద్దాయిల పెట్టె. తప్పు చేసినవాళ్ళు ఆ పెట్టె ముందు నిలబడి మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఎవరీ చుట్టం? ఎక్కణ్ణుంచి వచ్చాడు? వాడొస్తుంటే నువ్వేం చేస్తున్నావు? ఆ తర్వాత అందరికీ టీ ఇప్పించాలి.

అందరూ ఆ పెట్టె ముందు నిలబడ్డవాళ్ళే. కొత్తమ్మాయి రెండుసార్లు నిలబడింది, మొదటిసారి ఏడ్చింది కూడా. ఆ పిల్ల కాలేజీలో ఇదే చదువు చదివి, సర్టిఫికెట్టుతో ఉద్యోగంలో చేరింది. చేరి మూడేళ్ళయినా పిన్ని లెక్కలో ఇంకా కొత్తమ్మాయే. పిన్ని స్లయిడు మాత్రం ఆ పెట్టెలోకి ఒక్కటీ వెళ్ళలేదు. టీ తాగిన ప్రతిసారీ ఆ సంగతి గుర్తుచేసి మరీ గ్లాసు కింద పెడుతుంది.

అలాంటి పిన్నిని ఒకరోజు పెద్ద డాక్టరు తన గదికి పిలిచాడు. పిలిచాడే గానీ, కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, కాసేపు ఫ్యాను వంక చూశాడు. ఆయనకీ పిన్నంటే కొంచెం బెరుకే.

"అమ్మా, మన ల్యాబుకి గుర్తింపు తెచ్చుకోవాలని పైవాళ్ళు పట్టుబట్టారు. తనిఖీకి వస్తారు. కోత యంత్రం ముందు కూర్చునేవాళ్ళందరికీ బోర్డు సర్టిఫికెట్టు ఉండాలంటున్నారు."

"లేకపోతే?"

"పైన శాంపిళ్ళు తీసుకునే కిటికీ ఉంది కదా... అక్కడ పని తేలికే. సీసాలు తీసుకోవడం, చీటీలు అంటించడం."

"అంటే నేను కోసిన స్లయిడ్లు చూసి మీరిన్నేళ్ళూ సంతకాలు పెట్టలేదా?"

"పెట్టాను. కాదన్నానా? ఆ సంతకం పక్కన నీ పేరెక్కడా లేదు, అదే కదా చిక్కు. రేపెవరైనా వచ్చి ఇది కోసిందెవరని అడిగితే కాగితం మీద నువ్వు లేవు." ఆయన గొంతు తగ్గించాడు. "అనుభవం ఉన్నవాళ్ళు కాలేజీకి పోకుండానే పరీక్ష రాయొచ్చట. రాతపరీక్ష, నీ చేత్తో చేసిన స్లయిడ్లు, తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు. రాసెయ్యమ్మా. నీకదో లెక్కా?"

లెక్కే. పిన్ని గది బయటికొచ్చింది. ఆవిడకి పని నేర్పింది ఒక ముసలి టెక్నీషియను. అప్పట్లో అదే చదువు. ఆయన చెయ్యి చూసి చెయ్యి నేర్చుకుంది. ఎందుకు అని అడిగితే ఆయన విసుక్కునేవాడు, కొన్నాళ్ళకి అడగడం మానేసింది. ఇప్పుడు పరీక్షలో అడిగేవన్నీ ఆ ఎందుకు ప్రశ్నలే. కిటికీ దగ్గర చీటీలు అంటిస్తూ కూర్చున్న తనని ఊహించుకుంది. ఆ కుర్చీ పోతే తనలో ఇంకేం మిగులుతుందో ఆవిడకి తోచలేదు.

ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది. ఆయన డ్రైవింగు స్కూల్లో మాస్టారు. అంతా విని పగలబడి నవ్వాడు.

"అంటే ఇన్నేళ్ళూ లైసెన్సు లేకుండా నడిపేశావన్నమాట! నా స్టూడెంట్లు పదిరోజులు నడిపితేనే పోలీసులు పట్టుకుంటారే."

పిన్ని ఆ సాయంత్రం ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న మాత్రం టిఫిన్ డబ్బాతో పాటు సంచిలో ఒక కొత్త పెన్ను పెట్టుకుని బయల్దేరింది.

పాఠాలు చెప్పించుకోవాలంటే ఉన్నది కొత్తమ్మాయి ఒక్కతే. ఆ సంగతి మింగుడుపడక రెండురోజులు ఆ పిల్ల చుట్టూ తిరిగింది. చివరికి భోజనాల వేళ తన డబ్బాలోని కూర ఆ పిల్ల మూతలో వడ్డిస్తూ, "ఆ పుస్తకంలో ఏముందో నాలుగు ముక్కలు చెప్పవే" అంది, ఆ పిల్లకేదో ఉపకారం చేస్తున్నట్టు.

"ముక్కని ఫార్మలిన్‌లో ఎందుకేస్తాం పిన్నీ?"

"వెయ్యకపోతే కుళ్ళిపోతుంది."

"వేస్తే ఎందుకు కుళ్ళదు?"

"నేను చూస్తుండగా కుళ్ళడానికి దానికెన్ని గుండెలు?"

"పిన్నీ, అలా రాస్తే సున్నా వేస్తారు."

మొదట్లో అన్నీ ఇలాగే నడిచాయి. పిన్ని పుస్తకం మీద కోపంతో తెరిచి, పుస్తకం మీద పడి నిద్రపోయి, చెంప మీద అక్షరాలు అచ్చు గుద్దుకుని లేచేది. కానీ ఒకరోజు కొత్తమ్మాయి రంగుల గురించి చెబుతుంటే పిన్ని నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. కణం నడుమ ఉండే కేంద్రకంలో ఆమ్లం ఉంటుందట, నీలం రంగు ఆమ్లాన్నే వెతుక్కుంటూ పోతుందట. గులాబీరంగుది దానికి వ్యతిరేకం, కేంద్రకం జోలికి పోకుండా చుట్టూ ఉన్నదాన్ని పట్టుకుంటుందట. అందుకే ప్రతి స్లయిడులో గులాబీ మధ్యలో నీలం చుక్కలు.

"వెతుక్కుంటూ పోతుందా?" అంది పిన్ని.

"పోతుంది."

"రోజూ నేను ముంచుతుంటే, లోపల ఇంత కథ జరుగుతోందా? ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ చెప్పలేదేమే నాకు?"

ముసలాయన మీదో, తన మీదో, చిన్నప్పుడే బడి మాన్పించిన ఇంటి మీదో గానీ, పిన్నికి ఆ పూట నిజంగా బాధేసింది. ఆ తర్వాత మాత్రం ఆవిణ్ణి పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. ఎందుకు, ఎందుకు అని కొత్తమ్మాయి ప్రాణం తోడేసింది. రోజూ పనికి దింపేటప్పుడు మాస్టారు కారులో ప్రశ్నలడిగేవాడు. జవాబు సరైతే హారను కొట్టేవాడు, తప్పయితే ఠక్కున బ్రేకు తొక్కేవాడు. వెనకొచ్చే బండ్లవాళ్ళు ఆ దంపతుల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

ఇక పరీక్షకి స్లయిడ్లు చేసే రోజొచ్చింది. పాత దిమ్మల్లోంచి మంచివి ఏరుకుంది. కిడ్నీ, పేగు, కాలేయం, ఇంకొన్ని. పిన్ని చేతులు కడుక్కుని సింహాసనం ఎక్కినట్టు కుర్చీ ఎక్కింది. తొట్టె దగ్గర కొత్తమ్మాయి థర్మామీటరు పట్టుకుని నిలబడింది.

"పిన్నీ, ఈ ఒక్కరోజూ దీన్ని వాడు. గ్లవ్స్ కూడా వేసుకో. పరీక్షకి పోయేవి కదా."

"నీ థర్మామీటరు పుట్టకముందే పుట్టింది నా వేలు. తప్పుకో అవతలికి."

వేలు ముంచింది. కళ్ళు సగం మూసింది. చక్రం తిప్పింది. రిబ్బను దిగిందంటే దిగింది, చూస్తున్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. రంగులేసి, పైన పల్చటి గాజు అతికించి, ఒక్కోదాన్నీ మైక్రోస్కోపు కింద పెట్టి పైపైన ఓ చూపు చూసి పక్కన పెట్టింది. వేరేవాళ్ళ స్లయిడయితే మూలమూలలా వెతికేది. తనదాన్ని అలా వెతకడం తన చేతినే అవమానించినట్టని ఆవిడ లెక్క.

రాతపరీక్ష అయింది. పక్కన కూర్చున్న కుర్రకారు మధ్య పిన్ని తలొంచుకుని, నాలిక కొస బయటపెట్టి, ఒక్క అక్షరమూ కొట్టేయకుండా రాసింది. తర్వాత ప్రశ్నల గదిలోకి పిలిచారు. పరీక్ష చేసేది ఒక పెద్దావిడ, కళ్ళద్దాలు గొలుసుతో మెడలో వేలాడుతున్నాయి. ఆవిడా ఒకప్పుడు కోత యంత్రం ముందు కూర్చున్నదేనని బొటనవేలి మీది పాత కత్తిగాటు చూసి పిన్ని ఇట్టే పసిగట్టింది. పెద్దావిడ ఒక్కో స్లయిడూ చూసి, ఏవో ప్రశ్నలేసి, మార్కులేసుకుంది.

"బాగుందమ్మా. కత్తి గీత ఒక్కటి లేదు, ముడత లేదు. ఇలాంటి కోత చూసి చాలా కాలమైంది." కాగితాలు సర్దుకుంటూ అంది. "ఇంక మీరు వెళ్ళొచ్చు."

వెళ్ళిపోతే కథే లేదు. కానీ ఆ మెచ్చుకోలుతో పిన్ని కాళ్ళు నేల మీద ఆనడంలేదు. బల్ల మీదున్న మైక్రోస్కోపేమో కొత్తది, తళతళలాడుతోంది. అలాంటి దాంట్లో తన చేతిపని ఎలా ఉంటుందో చూసుకోవాలని ఆశ పుట్టింది.

"మేడమ్, నా కిడ్నీ ఒక్కసారి చూసుకోవచ్చా?"

పెద్దావిడ నవ్వి, స్లయిడు పెట్టి పక్కకి జరిగింది. పిన్ని కన్ను ఆనించింది. అబ్బ! రక్తనాళాల ఉండలు, వాటి చుట్టూ గొట్టాలు, గులాబీలో నీలం చుక్కలు ముగ్గు పెట్టినట్టున్నాయి. మురిసిపోతూ అటూ ఇటూ జరిపింది. ఒక మూలకి రాగానే చెయ్యి ఆగిపోయింది.

కిడ్నీ అంచు మీద పల్చటి గులాబీ రేకొకటి పడుకుని ఉంది. పిన్ని మెల్లిగా మర తిప్పింది. కిడ్నీ మసకబారింది, రేకు స్పష్టమైంది. అంటే అది ముక్కలోది కాదు, ముక్క మీద పడింది. నీలం చుక్క ఒక్కటి లేదు. కేంద్రకం లేదు. ఒంటి మీద పైపొరలో ఎండి రాలిపోయే చర్మానికి కేంద్రకం ఉండదని కొత్తమ్మాయి చెప్పిన పాఠం చెవిలో వినబడింది. పిన్ని కళ్ళు మైక్రోస్కోపు మీదే ఉన్నా, మనసు తన చిటికెన వేలు మీదికి పోయింది.

పెద్దావిడ చూడలేదు. మార్కులు వేసేసింది. నోరు మూసుకుని దణ్ణం పెట్టి బయటికి నడిస్తే గండం గడిచినట్టే, కుర్చీ తనదే. చెబితే ఆ స్లయిడు పోతుంది. రాతపరీక్షలో ఏం వెలగబెట్టిందో దేవుడికే తెలియాలి, చేతిపని మీదే అన్ని ఆశలూ పెట్టుకుంది. కళ్ళ ముందు పైన ఉన్న కిటికీ, చీటీల కట్టలు, జిగురు సీసా కనబడ్డాయి. లే, లేచి పో అని తనని తనే కసురుకుంది. లేచింది కూడా. తీరా లేచి నిలబడ్డాక, నిలబడిన ఆ తీరే ఆవిడ కొంప ముంచింది. ఎదురుగా బల్ల, బల్ల మీద స్లయిడు, చేతులు వెనక్కి కట్టుకుని తను. ఇన్నేళ్ళుగా అందర్నీ నిలబెట్టిన తీరది.

"ఇందులో చుట్టముందండీ" అంది పిన్ని.

"ఏంటి?"

"చుట్టం. చర్మం ముక్క. నా చిటికెన వేలి మీదిది. నీళ్ళ తొట్టెలోంచి వచ్చింది. అది వస్తుంటే నేను థర్మామీటరు పెట్టమన్న పిల్లని కసురుతున్నాను." మూడు జవాబులూ ఎవరూ అడక్కముందే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది.

పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. "నేను గమనించలేదు సుమండీ" అంది మెల్లిగా. తర్వాత కలం తీసి, వేసిన మార్కులు కొట్టేసింది. "ఈ స్లయిడు లెక్కలోకి రాదు. తెలుసుగా?"

"తెలుసండీ."

"మరెందుకు చెప్పారు?"

"మా ల్యాబులో అదే రివాజండీ. ఆ రివాజు పెట్టింది నేనే, అక్కడే వచ్చింది తంటా."

బయట మాస్టారు కారులో ఎదురుచూస్తున్నాడు. పిన్ని ఎక్కి తలుపేసుకుని భోరున ఏడ్చింది. సంగతి విని ఆయన స్టీరింగు మీద తల పెట్టేశాడు.

"టెస్టు పాసయ్యాక వెనక్కొచ్చి, నేను గీత తొక్కానండీ అని చెప్పినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణి చూడలేదే!"

"తొక్కాను కదా మరి" అని ఇంకాస్త ఏడ్చింది.

ఇంటిదాకా ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు, ఒక్క బ్రేకు తొక్కలేదు. దిగేటప్పుడు మాత్రం, "పైన కిటికీ దగ్గర గాలి బాగా వస్తుందిలే" అన్నాడు. ఓదార్చడం ఆయనకి అంతవరకే చేతనవును.

ఫలితాలు వచ్చిన రోజు పిన్ని ఫోను ముట్టుకోలేదు. యంత్రం తుడిచిందే తుడుస్తూ కూర్చుంది. కొత్తమ్మాయే చూసింది. చూసి, మళ్ళీ పైనుంచి చదివింది.

"చెప్పవే, చావలేకున్నా."

"స్లయిడ్ల మార్కులు తగ్గాయి పిన్నీ. అది ఒక్కటే అయితే పోయేదే. రాతపరీక్షలో..." పిల్ల ఫోను పిన్ని మొహం ముందు పెట్టింది. "రాతపరీక్షలో ఎక్కువొచ్చాయి. నాకప్పుడు ఇన్ని రాలేదు. అదే నిన్ను గట్టెక్కించింది. పాసయ్యావ్!"

పిన్ని రెండుసార్లు చదువుకుంది. ఏ చేతి గురించి ఇన్నేళ్ళు కాలరెగరేసిందో ఆ చెయ్యి ముంచబోతే, ఏ పుస్తకాన్ని చూసి మూతి తిప్పుకుందో అది ఒడ్డున పడేసింది. "అయితే థర్మామీటరెక్కడుందే?" అంది. అంతకంటే క్షమాపణ ఆవిడ నోట రాలేదు. ఆ పిల్లకి అది చాలింది.

అత్తగారు ఆ సాయంత్రమే పక్కింటావిడకి గోడ మీంచి చెప్పింది. "మా కోడలికి రక్తపరీక్షల్లో సర్టిఫికెట్టు వచ్చింది." పిన్ని వంటింట్లోంచి విని, సరిదిద్దలేదు.

బోర్డు నుంచి కవరు వచ్చిన రోజున అందులో సర్టిఫికెట్టుతో పాటు స్లయిడ్లు కూడా వెనక్కొచ్చాయి. పిన్ని అందరికీ టీ తెప్పించింది. అది పాసైనందుకనుకున్నారు. కాదు. ఆవిడ ముద్దాయిల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "అడగవే" అంది కొత్తమ్మాయితో.

"ఎందుకులే పిన్నీ."

"రివాజు రివాజే. అడుగు."

"ఎవరీ చుట్టం?" అంది కొత్తమ్మాయి, నవ్వాపుకుంటూ. పెద్ద డాక్టరు కూడా టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిన్ని మూడింటికీ గట్టిగా జవాబు చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక స్లయిడుని పెట్టెలో పెట్టబోతుంటే కొత్తమ్మాయి ఆపి పెన్సిలు అందించింది. గుర్తింపు కోసం ల్యాబులో పెట్టిన కొత్త నియమం అది. సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళు తాము కోసిన ప్రతి స్లయిడు చివర, గరుకు గాజు మీద, తమ పేరు పొడి అక్షరాలు వేయాలి. ఇన్నేళ్ళలో పిన్ని కోసిన స్లయిడ్లు చూసి ఎందరికో జబ్బు ఉందనో లేదనో చెప్పారు, వాటిలో ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు. ఇంతకాలానికి ఆవిడ కనబడిందంటే ఈ కిడ్నీ అంచు మీద, గులాబీ రేకుగా.

పిన్ని పెన్సిలు నొక్కి పట్టి మొదటి అక్షరం రాసింది. పెన్సిలు మొన విరిగింది. కొత్తమ్మాయి ఇంకో పెన్సిలిచ్చింది. రెండో అక్షరం కూడా రాసి, వెలుతురుకి పట్టుకుని ఒకసారి చూసుకుని, స్లయిడుని ముద్దాయిల పెట్టెలో పెట్టి మూత వేసింది.